మూడున్నర వేల డెక్కు, ముప్పై తొమ్మిది అభిప్రాయాలు

ప్రశ్న: సార్, మా అక్క ఓణీల ఫంక్షన్ 1996లో జరిగింది. ఆ వీడియో కాసెట్లు రెండు అమ్మ బీరువాలో ఉన్నాయి. ఒకదానికి అక్క ఫొటో అంటించిన రంగుల కవరు ఉంది. రెండోదాని మీద పెన్నుతో ‘2’ అని రాసి ఉంది, అంతే. ఆ ఫంక్షన్లో మా అమ్మమ్మ మంగళహారతి పాడింది. ఆమె పోయి పద్నాలుగేళ్లయింది, ఆమె గొంతు ఇంకెక్కడా లేదు. పాత వీసీఆర్‌లు బాగుచేసి నెట్‌లో అమ్మే ఆయన దగ్గర చవక రకం ఒకటి 3,500కి చూశాను. దాని కింద 39 మంది అభిప్రాయాలు రాశారు. సగం మంది సూపర్ అంటున్నారు, సగం మంది వేస్ట్ అంటున్నారు. ఆరు కాపీ చేసి పంపుతున్నాను. డాలస్‌లో ఉన్న మా తమ్ముడేమో అక్కడ పాత సామాన్ల షాపులో పది డాలర్లకే దొరుకుతాయి, కొని పంపిస్తానంటున్నాడు. ఎవరి మాట నమ్మాలి? – ఒక పాఠకురాలు, ఖమ్మం

సమాధానం:

మీరు పంపిన ఆరూ రెండుసార్లు చదివానమ్మా. నాకు ఆరూ నిజాలే అనిపించాయి, చిక్కంతా అక్కడే ఉంది. ఎవరో ఒకరు అబద్ధం రాశారని తేలితే వాళ్లని పక్కన పెట్టి మిగతావాళ్లని నమ్మొచ్చు, ఇక్కడ ఆ వీలు లేదు. డెక్కు సంగతే అంత (మేం వీసీఆర్ అనేవాళ్లం కాదు, డెక్కు అనే అనేవాళ్లం, ఇక్కడా అలాగే రాస్తాను), పక్కపక్క ఇళ్లలో ఒకే మోడల్ పెట్టినా ఒకళ్లు దణ్ణం పెడతారు, ఇంకొకళ్లు దుమ్మెత్తి పోస్తారు.

నేను పదిహేనేళ్లు గుంటూరులో కాసెట్లు అద్దెకిచ్చే షాపు నడిపాను, వెనక గదిలో డెక్కులు బాగుచేసేవాణ్ణి. అప్పట్లో ఒకసారి ఒకే నెలలో ఒకే చవక మోడల్ ఇద్దరికి ఇప్పించాను. ఒకాయన లెక్కల మాస్టారు. ఆదివారం మధ్యాహ్నం తప్ప డెక్కు మీది గుడ్డ తీసేవాడు కాదు, అది కూడా తను కొత్తగా కొనుక్కున్న నాలుగైదు పౌరాణికాల కాసెట్లే వేసేవాడు. రెండో అతను కలర్ టీవీ, డెక్కు, మూడు సినిమాలు కలిపి రాత్రికి ఇంత అని ఊళ్లలో అద్దెకు తిప్పే కుర్రాడు. రిక్షాలో వేసుకుని, గోనెసంచి కప్పి, వానొచ్చినా ఎండొచ్చినా తిప్పేవాడు. అందులో పడే కాసెట్లు అప్పటికే వందిళ్లు తిరిగినవి, టేపు మీది పొడి రాలి హెడ్లకి (టేపు మీదున్నది చదివే చిన్న ముక్కలవి) మెత్తుకుపోయేది. ఏడేళ్ల తర్వాత కూడా మాస్టారు ‘మూత విప్పలేదండీ’ అని మెచ్చుకున్నాడు. కుర్రాడు మూడో నెలలోనే వచ్చి, నా షాపు ముందు నిలబడి, నలుగురూ వినేలా ‘ఈ దిక్కుమాలిన డెక్కు అంటగట్టాడు’ అని తిట్టాడు. ఇద్దరిలో ఎవరి మాట తప్పు?

కాబట్టి అభిప్రాయం చదివేటప్పుడు స్టార్లు చూడకండి. అది రాసినాయన డెక్కు వచ్చిన ఎన్నో రోజున రాశాడు, అందులో ఏ కాసెట్ వేశాడు, దాన్ని ఏ టీవీకి తగిలించాడు అన్నది వెతకండి. ఈ మూడూ లేని అభిప్రాయం ఎంత పొగిడినా ఎంత తిట్టినా మీకు పనికిరాదు. మీరు పంపిన వాటిలో మొదటిది అలాంటిదే: ‘సూపర్, నిన్ననే వచ్చింది, ప్యాకింగ్ బాగుంది, డబ్బుకు తగ్గ వస్తువు.’ అయిదు స్టార్లు. కాసెట్ వేశాడో లేదో కూడా చెప్పలేదు. అట్టపెట్టెకి వేసిన మార్కులవి.

రెండోది చూడండి, ‘లైటు వెలుగుతుంది, కాసెట్ లోపలికి తీసుకుని నాలుగు సెకన్లకే బయటికి తోసేస్తుంది, వేస్ట్.’ ఇది విలువైన అభిప్రాయం, ఎందుకంటే రోగం పేరు తెలియకపోయినా లక్షణం సరిగ్గా చెప్పాడు. లోపల కాసెట్ చక్రం తిరుగుతోందా లేదా అని చూసే సెన్సర్ ఒకటి ఉంటుంది. చక్రాన్ని తిప్పే చిన్న రబ్బరు టైరు గట్టిపడి జారిపోతుంటే, లేదా బెల్టు సాగిపోతే, చక్రం తిరగదు, తిరక్కపోతే టేపు చిక్కుపడుతుందని డెక్కే భయపడి కాసెట్‌ని వెనక్కి ఇచ్చేస్తుంది. చూడ్డానికి పాడైనట్టే ఉన్నా కాసెట్‌ని కాపాడిన డెక్కు అది. బెల్టు, టైరు మారిస్తే మామూలైపోతుంది. అయితే, బాగుచేసి అమ్ముతున్నానని చెప్పే మనిషి ఆ రబ్బర్లు మార్చకుండానే పంపాడన్నది ఈ ఒక్క అభిప్రాయంతో తేలిపోయింది. నేనైతే అమ్మే ఆయన్ని అంచనా వేయడానికి ఈ ఒక్కటే చాలనుకుంటాను.

మూడోది, ‘బొమ్మ బాగానే ఉంది కానీ అడుగున ఎప్పుడూ చెదిరిన గీత వస్తోంది, హెడ్ పోయింది, మోసం.’ పాపం ఈయన అమ్మినాయన్ని అన్యాయంగా తిట్టాడు. ఆ గీత మొదటి రోజు నుంచీ ప్రతి డెక్కులోనూ ఉండేదే. లోపల తిరిగే డ్రమ్ము మీద ఎదురెదురుగా రెండు హెడ్లుంటాయి, ఒకటి చదవడం ఆపి రెండోది అందుకునే చోట బొమ్మ అడుగున కాస్త చెదురుతుంది. పాత లావు టీవీలు బొమ్మ అంచుల్ని ఫ్రేము వెనక దాచేసేవి కాబట్టి మనకి కనపడేది కాదు. ఇప్పటి పల్చటి టీవీ అంచు నుంచి అంచు దాకా మొత్తం చూపిస్తుంది. కాబట్టి అడుగున వేలి మందం గీత కనిపిస్తే కంగారు పడకండి. బొమ్మ మధ్యలో పైకీ కిందకీ పాకే గీత అయితే వేరు, దానికి ట్రాకింగ్, అంటే హెడ్లు టేపు మీది గీతల మీద సరిగ్గా పడేలా చూసే అమరిక, సరిచేయాలి. ఆ బటన్ కొన్ని మోడళ్లలో రిమోట్ మీదే ఉంటుంది, డెక్కు మీద ఉండదు. అందుకే రిమోట్ లేకుండా అమ్మేవాటికి నేను ఎప్పుడూ ఒక మెట్టు తక్కువే వేస్తాను.

నాలుగోది ‘నా టీవీకి తగిలిద్దామంటే దీనికి హెచ్‌డీఎంఐ తీగ పెట్టే చోటే లేదు, ఒక్క స్టార్’ అని. దీని గురించి ఎక్కువ రాయను. పసుపు, తెలుపు, ఎరుపు పిన్నులున్న ఏవీ తీగ చూడని వయసువాళ్లెవరో రాసుంటారు. మీ టీవీకి కూడా ఆ మూడు రంధ్రాలు లేకపోతే చిన్న డబ్బా ఒకటి దొరుకుతుంది. అడిగేటప్పుడు మాత్రం ‘ఏవీ నుంచి హెచ్‌డీఎంఐకి మార్చేది’ అని స్పష్టంగా అడగండి. చూడ్డానికి అలాగే ఉండే దానికి తిరగబడ్డ రకం కూడా ఉంటుంది, అది మీకు పనిచేయదు. చాలామంది అదే కొనుక్కొచ్చి డెక్కుని తిడతారు.

అయిదోది చదివి నేను కాసేపు ఆగాను. ‘రెండు నెలలు బ్రహ్మాండంగా ఆడింది, తర్వాత మా పెళ్లి కాసెట్ నమిలేసింది.’ ఇందులో మీరు భయపడాల్సిన విషయం ఉంది. టేపుని లాగేది ఒక ఉక్కు కడ్డీ, దానికి ఆనుకుని తిరిగే రబ్బరు రోలరు. ఆ రోలరు ఏళ్ల తరబడి ఎండిపోయి అద్దంలా నున్నగా అయితే టేపు తిన్నగా నడవదు, మెల్లగా పైకో కిందకో పాకి అంచు మడతపడుతుంది. మీ విషయంలో ఈ అంచే ముఖ్యం. వీహెచ్ఎస్ టేపు (మన ఇళ్లలో ఉండే మామూలు వీడియో కాసెట్లోది ఇదే) వెడల్పు అరంగుళం. బొమ్మ మధ్యలో ఏటవాలు గీతలుగా ఉంటుంది. మామూలు సౌండ్ మాత్రం పై అంచున సన్నటి దారిలో ఉంటుంది. కింది అంచున, టేపు ఎంత వేగంగా నడవాలో డెక్కుకి చెప్పే గుర్తులుంటాయి. పై అంచు ముడతపడితే బొమ్మ వస్తుంది, మీ అమ్మమ్మ గొంతు పోతుంది. అందుకే రోలరు మార్చారా లేదా అన్న ప్రశ్నకి జవాబు రాకుండా ఆ కాసెట్ ఏ డెక్కులోనూ పెట్టొద్దని చెప్తున్నాను.

దీనికి తిరగబడ్డ మంచి సంగతి కూడా ఒకటుంది. ఆ అంచు సౌండ్‌ని చదివేది కదలకుండా నిలబడే వేరే హెడ్. డ్రమ్ము మీది హెడ్లకి మురికి పట్టి తెర అంతా చుక్కలు చుక్కలుగా వచ్చినా సౌండ్ చక్కగా రావచ్చు. ‘బొమ్మే రావట్లేదు, కాసెట్ పోయింది’ అని ఎవరన్నా అంటే నమ్మి పారేయకండి, సౌండ్ పెంచి వినండి.

ఆరోది ‘బ్లాక్ అండ్ వైట్ వస్తోంది’. ఇక్కడే మీ తమ్ముడి డాలస్ డెక్కు సంగతి కూడా వస్తుంది. కాసెట్ డబ్బా ప్రపంచమంతా ఒకటే, లోపల రికార్డయ్యే పద్ధతి ఒకటి కాదు. మనది పాల్ పద్ధతి, సెకనుకి 25 బొమ్మలు, 625 గీతలు. అమెరికాది ఎన్‌టీఎస్‌సీ, సెకనుకి దాదాపు 30 బొమ్మలు, 525 గీతలు. మన డెక్కులో డ్రమ్ము నిమిషానికి 1,500 చుట్లు తిరిగితే అక్కడిది దాదాపు 1,800 తిరుగుతుంది. టేపు నడక కూడా వేరు, మామూలు స్పీడులో మనది సెకనుకి 23 మిల్లీమీటర్ల పైచిలుకు, వాళ్లది 33. మీ ఖమ్మం కాసెట్ అక్కడి మామూలు డెక్కులో చక్కగా దూరుతుంది, ప్లే నొక్కితే బొమ్మ నిలబడదు, చీలికలు పేలికలుగా వస్తుంది. దానికి తోడు అక్కడి డెక్కులు 110, 120 వోల్టులకి చేసినవి, మన ప్లగ్గులో పెడితే ఒక్క పొగతో సరి. రెండు పద్ధతులూ ఆడే మల్టీ సిస్టమ్ డెక్కులు ఉన్నాయి, గల్ఫ్ నుంచి మనవాళ్లు ఎక్కువగా తెచ్చినవి అవే, అయితే పది డాలర్ల అరలో అవి కనపడడం అరుదు. మీ తమ్ముడి మాట మంచిదే, అక్కడి పెళ్లిళ్ల కాసెట్లు మీకెవరైనా పంపి ఉంటే వాటికి ఆ డెక్కు పనికొస్తుంది, దాన్ని అక్కడే ఉంచుకుని అక్కడే ఆడించమనండి.

బ్లాక్ అండ్ వైట్ రాసినాయన డెక్కు బహుశా పాడైంది కాదు. ఎన్‌టీఎస్‌సీ కాసెట్ వేసుంటాడు, లేదా టీవీలో సిస్టమ్ తప్పుగా పెట్టుంటాడు. టీవీ మెనూలో ‘ఆటో’ నుంచి ‘పాల్’కి మార్చి చూడమని ఎవరైనా చెప్పి ఉంటే ఆ ఒక్క స్టారు నాలుగు స్టార్లయ్యేదేమో.

ఇంకో మాట. మీరు పంపిన ఫొటోలో డబ్బా మీద ‘బ్రాండ్ న్యూ’ అని ఉంది. వీహెచ్ఎస్ డెక్కుని జపాన్‌లో జేవీసీ 1976లో మార్కెట్లోకి తెచ్చింది. చిట్టచివర దాకా చేస్తూ వచ్చింది కూడా జపాన్ కంపెనీయే, ఫునాయ్. 1983లో మొదలుపెట్టి, చవక డెక్కులకి పేరుపడి, మంచి రోజుల్లో ఏడాదికి కోటీ యాభై లక్షల దాకా అమ్మింది. 2015కి అది ఏడున్నర లక్షలకి పడిపోయింది. విడిభాగాలు దొరకడం లేదని 2016 జులైలో ఆపేసింది. ఆ కంపెనీ కూడా 2024లో దివాలా తీసింది. అంటే ఈ రోజు ఎవరు ‘కొత్త డెక్కు’ అన్నా, అది ఏళ్ల తరబడి ఏ గోడౌన్లోనో మగ్గినదై ఉండాలి, లేదా పాతదాన్ని తుడిచి డబ్బాలో పెట్టినదై ఉండాలి. డబ్బాలో ఉన్నా రబ్బరు ఎండుతుంది, గ్రీజు గడ్డకడుతుంది. నన్నడిగితే పదేళ్లుగా డబ్బా విప్పని డెక్కు కన్నా, నెలకోసారైనా ఎవరో ఒకరు ఆడిస్తున్న పాత డెక్కే మేలు.

ఇక కొనాలా వద్దా. మీ దగ్గర ఉన్నవి రెండే కాసెట్లయితే కొనొద్దు. 3,500 పెట్టి, తీగలకి ఇంకో వెయ్యి పెట్టి, పోస్టులో కుదుపులకి లోపల టేపుని దారిలో నడిపే గైడ్లు కదిలాయేమోనని టెన్షన్ పడుతూ, చివరికి రెండు సాయంత్రాలు వాడి అటక మీద పెట్టే వస్తువు అది. ఆ డబ్బుకన్నా తక్కువలోనే కాసెట్లని ఫైలుగా మార్చి పెన్ డ్రైవ్‌లో ఇచ్చేవాళ్లు హైదరాబాద్‌లో, విజయవాడలో ఉన్నారు. మీ ఊళ్లో పాత పెళ్లి వీడియోగ్రాఫర్లలో కూడా కొందరి దగ్గర పనిచేసే డెక్కు ఇంకా ఉంటుంది, ముందు వాళ్లని అడగండి. ఇచ్చేటప్పుడు పక్కన కూర్చుంటానని అడగండి, కుదరదంటే ఇంకొకరి దగ్గరికి వెళ్లండి. కొరియర్‌లో మాత్రం ఆ ‘2’ నంబరు కాసెట్ పంపొద్దు.

చుట్టాలందరి బీరువాలూ వెతికితే పదిహేను ఇరవై కాసెట్లు తేలతాయంటే అప్పుడు డెక్కు కొనడంలో అర్థం ఉంది. అప్పుడు కూడా రికార్డింగ్ ఉన్న వీసీఆర్ కోసం ఎగబడకండి. రికార్డింగ్ లేకుండా కేవలం ఆడించే వీసీపీ దొరికితే మీకు చాలు, చవక కూడా. అన్నిటికన్నా ముఖ్యం, అందులో పొరపాటున రెడ్ బటన్ నొక్కి అమ్మమ్మ మీద ఇంకేదో రికార్డు చేసే ప్రమాదం లేదు (మా షాపులో ఒకావిడ కూతురి పెళ్లి మీద క్రికెట్ మ్యాచ్ ఎక్కింది, ఆవిడ భర్త రెండు రోజులు ఇంటికి వెళ్లలేదు). నాలుగు హెడ్ల డెక్కు అని చెప్పి ఎక్కువ అడిగితే ఇవ్వకండి. మామూలు స్పీడులో తీసిన ఫంక్షన్ వీడియో ఆడించడానికి రెండు హెడ్లు సరిపోతాయి. నాలుగు హెడ్లు పాజ్ పెట్టినప్పుడు బొమ్మ నిలకడగా ఉండడానికి, సగం స్పీడులో తీసిన టేపులకి పనికొస్తాయి.

అమ్మే ఆయన్ని ఒక వీడియో అడగండి. మధ్యలో ఆపకుండా ఒకే షాట్‌లో, ఆ రోజు తేదీ నోటితో చెప్పి, కాసెట్ పెట్టి పది నిమిషాలు ప్లే, తర్వాత ఫార్వర్డ్, రివైండ్, మళ్లీ ప్లే, చివరికి కాసెట్ బయటికి. బయటికి వచ్చిన కాసెట్ మూత ఎత్తి టేపు చూపించాలి, లోపల ఎక్కడా లూపు వేలాడకూడదు. ‘టెస్ట్ చేశాను సార్’ అంటే చాలామంది భాషలో లైటు వెలిగిందని మాత్రమే అర్థం. డెక్కు వెనక రేకు ఫొటో కూడా అడగండి, 220–240 వోల్టులు, 50 హెర్ట్జ్, పాల్ అని ఉండాలి. బెల్టులు, రోలరు ఎప్పుడు మార్చారని అడగండి. ఇవన్నీ అడిగితే విసుక్కునేవాడి దగ్గర కొనకండి.

డెక్కు ఇంటికి వచ్చాక వెంటనే ప్లగ్గు పెట్టొద్దు, ముఖ్యంగా వానాకాలంలో. ఒక పూట గదిలో అలా వదిలేయండి, లోపల చెమ్మ ఆరాలి. టేపు తడి డ్రమ్ముకి అతుక్కుపోతుంది. చాలా డెక్కుల్లో చెమ్మ ఉంటే ఆడకుండా ఆపే సెన్సర్ ఉంటుంది, చవక వాటిలో దాన్ని నమ్ముకోలేం. తర్వాత మొదట పెట్టేది పనికిరాని కాసెట్ అయి ఉండాలి. పాత డబ్బింగ్ సినిమాదో, మీరు ఎవరికీ ఇవ్వడానికి కూడా ఇష్టపడనిదో. దాన్ని రెండు గంటలు ఆడించి, ముందుకీ వెనక్కీ తిప్పి, నమలలేదని తేలితేనే మిగతావి.

హెడ్లు కడగాల్సి వస్తే, మా రోజుల్లో తెల్ల కాయితం ముక్క పెట్రోల్లో ముంచి రుద్దేవాళ్లం, ఇప్పుడు పెట్రోలు వద్దు. ఎలక్ట్రానిక్ సామాన్ల షాపుల్లో ఐసోప్రొపైల్ ఆల్కహాల్ అడిగితే ఇస్తారు. ప్లగ్గు తీసేసి, మూత విప్పి, కాయితం ముక్క దాంతో తడిపి డ్రమ్ముకి ఆనించి కదలకుండా పట్టుకుని, డ్రమ్మునే పైనుంచి వేలితో మెల్లగా తిప్పాలి. కాయితాన్ని పైకీ కిందకీ రుద్దితే హెడ్ విరిగిపోతుంది, చూడ్డానికి గోరు మీది మరకంత ఉంటుంది అది. దూది పుల్లలు వాడొద్దు, పోగులు హెడ్లకి చిక్కుకుంటాయి. పవర్ సప్లై ఉన్న వైపు వేలు పెట్టొద్దు, ప్లగ్గు తీసినా కాసేపు కరెంటు నిలిచి ఉంటుంది. చేతకాదనిపిస్తే వదిలేయండి.

ఇప్పుడు కాసెట్ల సంగతి, మీ ఉత్తరంలో నాకు అన్నిటికన్నా ముఖ్యమనిపించిన ముక్క ఇదే. ఫొటో అంటించిన కాసెట్ ‘మిక్సింగ్’ చేసింది అయ్యుంటుంది. ఆ రోజుల్లో భుజం మీద మోసే ఎం-7, ఎం-9000 కెమెరాలతో తీసి, తర్వాత స్టూడియోలో గుండె ఆకారాలు, తిరిగే పువ్వులు వేసి, ఫంక్షన్ సౌండ్ తీసేసి మొదట్నుంచి చివరి దాకా సినిమా పాటలు పెట్టేవాళ్లు. అందులో అమ్మమ్మ పెదవులు కదులుతాయి, వినిపించేది మాత్రం ఏదో డ్యూయెట్ అయ్యే అవకాశం ఎక్కువ. ముందే చెప్తున్నాను, అది చూసి డెక్కు సౌండ్ పోయిందనుకోవద్దు. ‘2’ అని రాసిన ఉత్త కాసెట్ కలపకముందు తీసిన అసలుది అయ్యుండొచ్చు. మామూలుగా వీడియోవాళ్లు దాన్ని తిరిగి ఇచ్చేవాళ్లు కాదు, ఇంకో ఫంక్షన్‌కి వాడేసుకునేవాళ్లు. మీవాళ్లెవరో గట్టిగా అడిగి తీసుకుని ఉంటారు. అమ్మమ్మ గొంతు ఉంటే అందులోనే ఉంటుంది.

ఆ కాసెట్‌ని ఈ రోజే ఇలా చూడండి. డెక్కు అక్కర్లేదు. వెన్ను వైపు, లేబుల్ అంటించే చోట ఎడమ చివర చిన్న ప్లాస్టిక్ రేకు ఉంటుంది, అది విరిగి ఉంటే మంచిది, లేకపోతే స్క్రూడ్రైవర్‌తో విరిచేయండి, ఇక దాని మీద ఎవరూ రికార్డు చేయలేరు. తర్వాత పైన కిటికీలోంచి టేపు చుట్టని వెలుతురులో చూడండి. నల్లగా నున్నగా ఉండాలి. తెల్లగా పిండి చల్లినట్టు ఉంటే బూజు పట్టింది. అలాంటిది ఏ డెక్కులోనూ పెట్టొద్దు, పెడితే ఆ డెక్కు హెడ్లకి పట్టి తర్వాత వేసే కాసెట్లకి కూడా అంటుకుంటుంది. ఆ 39 మందిలో ఒకరో ఇద్దరో బహుశా ఇలాగే తమ కాసెట్ల బూజుతో డెక్కుని చంపి, డెక్కుకే ఒక్క స్టార్ ఇచ్చుంటారు. బూజుంటే కాసెట్‌ని గాలి చొరని డబ్బాలో, కొత్త చెప్పుల పెట్టెల్లో వచ్చే ఆ తెల్ల గుళికల పొట్లాలు నాలుగు వేసి పెట్టి, బూజు తుడిచే పని తెలిసినవాళ్ల దగ్గరికే తీసుకెళ్లండి. బూజు లేకపోయినా కాసెట్‌ని పడుకోబెట్టకండి, పుస్తకంలా నిలబెట్టండి.

ఆడించేది మీరైనా ఇంకొకరైనా, మొదటిసారి ప్లే నొక్కినప్పుడే ల్యాప్‌టాప్‌లోకి ఎక్కాలి. ముందు చూసి, నవ్వుకుని, ఏడ్చి, తర్వాత రికార్డు చేద్దామంటే ఆ రెండోసారి టేపు ఒప్పుకుంటుందని నమ్మకం లేదు. ల్యాప్‌టాప్‌కి తగిలించే చిన్న యూఎస్‌బీ పరికరం ఉంటుంది, దాని సెట్టింగ్‌లో పాల్, 720×576, 25 ఫ్రేములు అని ఉందో లేదో చూడండి. చాలావాటిలో అమెరికా పద్ధతే ముందు నుంచి పెట్టి ఉంటుంది, అప్పుడు మళ్లీ ఆ ఆరో అభిప్రాయంలాగే బ్లాక్ అండ్ వైట్ వచ్చి మీరు డెక్కుని తిడతారు. ఎక్కించే ఆయన ఫైలుని మరీ చిన్నగా కుదించి ఇస్తానంటే వద్దనండి. వాట్సాప్‌లో పంపడానికి చిన్నది వేరేగా చేసుకోవచ్చు, పెద్దది రెండు చోట్ల ఉంచండి, ఒకటి మీ దగ్గర, ఒకటి మీ అక్క దగ్గర.

కాసెట్ మాత్రం పారేయొద్దు.

పోతే ఇది చదివేసరికి మీకు రాత్రయితే తమ్ముడికి అక్కడ పొద్దున్నే అవుతుంది. పాత సామాన్ల షాపు తెరవకముందే ఫోన్ చేసి వద్దని చెప్పండి. ‘2’ నంబరు కాసెట్ కిటికీ ఫొటో, వెలుతురులో పట్టుకుని తీసింది, నాకు పంపండి, బూజు ఉందో లేదో చెప్తాను.